కాచిన నీళ్ళు

ఏప్రిల్ 7, సోమవారం

పొడుగాయన ఇవాళ విమానం ఎక్కేశాడు. మూడేళ్ళుగా విదేశం నుంచి వస్తూ పోతూ మాకు ల్యాబ్‌లో ప్లేటు పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పిన మనిషి. వెళ్ళేముందు నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, "ఇక మీకు నా అవసరం లేదు" అన్నాడు. ఆ మాట నాకెంత తియ్యగా ఉందో ఎవరితో చెప్పినా గొప్పలు పోతున్నాననుకుంటారు. అందుకే ఈ పుస్తకం తెరిచాను.

నేను చేరినప్పుడు ఈ ల్యాబ్‌లో ఒక మసకబారిన మైక్రోస్కోపు ఉండేది. ఒక కుర్చీ ఉండేది, దాని మీద కూర్చోవాలంటే గోడకు ఆనించుకోవాలి. ఏ అంటురోగం వచ్చినా నమూనాలు రాజధానికి పంపి ఎదురుచూసేవాళ్ళం. జవాబు వచ్చేసరికి రోగి లేచి పనిలోకన్నా పోయేవాడు, మొత్తానికే అన్నా పోయేవాడు. ఇప్పుడు ఇంక్యుబేటర్లున్నాయి, కరెంటు పోతే దానంతటదే మొదలయ్యే జనరేటరుంది, రోగక్రిముల్ని ప్లేట్లలో పెంచి చూసే కల్చర్లు నాలుగు రకాలు చేయగల మనుషులున్నారు. ప్రాంతీయ రిఫరెన్స్ ల్యాబ్ హోదా ఇస్తే చుట్టుపక్కల జిల్లాల నమూనాలన్నీ మా గుమ్మంలోకే వస్తాయి. ఫైలు పెద్దాయన బల్ల మీద ఉంది. జిల్లా వైద్యాధికారి కదా, ఆయన సంతకం లేకుండా ఆకు కూడా కదలదు.

మధ్యాహ్నం ఆయమ్మ కూతురు కొత్త కోట్లు కుట్టి తెచ్చింది. ఆయమ్మ మా ల్యాబ్‌లో గాజుసామాను కడుగుతుంది. ఆమె కడిగిన టెస్టుట్యూబు ఎండలో పెడితే కనపడదు, అంత శుభ్రం. ఆ తల్లికి ఈ కూతురు ఎలా పుట్టిందో, నోరు ఊరుకోదు.

"సందేహం గారి కోటుకి బొత్తాలు డబుల్ దారంతో కుట్టాను మేడమ్. ఊడతాయేమోనని రోజూ లాగి చూసుకుంటారంట కదా, మా అమ్మ చెప్పింది."

మా టెక్నీషియన్‌కు ఆ పేరు పెట్టింది నేనే. తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తాడు. అతను అక్కడే ఉన్నాడు. బొత్తం లాగి చూశాడు కూడా. అందరం నవ్వాం.

ఏప్రిల్ 11

పల్లపు బస్తీ నుంచి ఆరుగురు ఆస్పత్రిలో చేరారు. బియ్యం కడిగిన నీళ్ళలాంటి విరేచనాలు. వార్డు డాక్టరు నమూనాలు పంపాడు. నేనే వాటిని తీగతో ప్లేట్ల మీద గీశాను. వేరేవాళ్ళకు ఇవ్వబుద్ధి కాలేదు.

ఏప్రిల్ 12, శనివారం

వచ్చింది!

ఇంక్యుబేటరు తలుపు తీయగానే తెలిసిపోయింది. ప్లేట్లలో క్రిములు పెరిగే ఆకుపచ్చ మీడియా అంతా పసుపెక్కింది. గుండ్రంగా, నున్నగా, మెరుస్తూ పసుపు చుక్కలు. పొడుగాయన చూపించిన బొమ్మల్లో కూడా ఇంత అందంగా లేవు. మిగతా పరీక్షలన్నీ చేశాం. కలరా. అనుమానం లేదు. ఈ ఊళ్ళో, ఈ గదిలో, రాజధాని ముఖం చూడకుండా మేం మా చేతుల్తో పట్టుకున్నాం. సందేహం భుజం తట్టాను. చిన్నపిల్లలా గంతేయాలనిపించింది.

ఆ సంతోషంలో ఉండగానే మా పాప ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని వచ్చింది. ఇవాళే బడికి సెలవులిచ్చారు. ఆయమ్మ కూతురు కూడా తల్లికి భోజనం తెచ్చి ఉంది. పాపను చూసి మెడలోంచి టేపు తీసి అక్కడికక్కడే గౌనుకు కొలతలు తీసుకుంది. "ఈ పిల్ల నిలబడదమ్మా, ఉడుతకి గౌను కుడుతున్నట్టుంది" అంది. పాప పకపకా నవ్వింది.

ఆ తర్వాత పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ప్లేటు ఫొటో చూపించాను. ఆయన దాన్ని చాలాసేపు చూసి, ఫోను బోర్లా పెట్టాడు.

"ఏ బస్తీ అన్నారు?"

"పల్లపు బస్తీ సార్."

"కొత్త కుళాయిలు వేసిన బస్తీ. మొన్ననే మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించిన బస్తీ."

"పైపు మురిక్కాలవ పక్క నుంచి వేశారట సార్. ఎక్కడో కలుస్తున్నట్టుంది."

"డాక్టరమ్మా, ఆ మాట మీ నోట్లోంచి రాకూడదు. రాజధానికి పంపండి. వాళ్ళు ఔనంటే అప్పుడు ఔను. అందాకా ఎండాకాలం విరేచనాలు. బస్తీలో జాగ్రత్తల కాగితాలు కూడా అలాగే రాసి పంచిపెడతాం."

"వాళ్ళనడగకుండా చెప్పడానికే కదా సార్ మూడేళ్ళు కష్టపడ్డాం?"

"చెప్పగలగడం వేరమ్మా, చెప్పడం వేరు." ఆయన నవ్వాడు. "మీ రిఫరెన్స్ ల్యాబ్ ఫైలు ఇదిగో, ఇక్కడే ఉంది. చూశారా? నేను మర్చిపోలేదు."

ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఆరు నమూనాలతో ఊరంతా గగ్గోలు పెట్టడం శాస్త్రం కాదు. శాస్త్రం అంటే ఓర్పు.

ఇంటికొచ్చి అందరూ కాచిన నీళ్ళే తాగాలని చెప్పాను. కుళాయి నీళ్ళతో పళ్ళు కూడా తోముకోవద్దన్నాను. మాది ఎగువ వీధి, వేరే ట్యాంకు. అయినా జాగ్రత్త మంచిది.

"ఎందుకు?" అని మా ఆయన అడిగాడు.

"ఫిల్టరు పాడైంది" అన్నాను. మా ఆయన లెక్కల మాస్టారు. కారణం ఒకటి చెబితే చాలు, రెండోది అడగడు.

ఏప్రిల్ 14

సందేహం నాకు చెప్పకుండా బస్తీ కుళాయిల నీళ్ళు పట్టుకొచ్చి కల్చర్ పెట్టాడు. పసుపు. ప్లేటు తెచ్చి నా బల్ల మీద పెట్టి నిలబడ్డాడు.

"నాకు అన్నిటి మీదా సందేహమే మేడమ్. దీని మీద తప్ప."

"రాజధాని నుంచి రానీ."

"ఆయమ్మ ఇల్లు ఆ బస్తీలోనే కదా. కనీసం ఆమెకైనా..."

"నేను చెప్తాను. నువ్వు నోరెత్తకు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున చెబితే సాయంత్రానికి బస్తీ అంతా మన గేటు ముందుంటుంది."

అతను ప్లేటు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆయమ్మ నోటి గురించి నేనన్నది నిజం కాదు. నోరున్నది కూతురికి. కానీ తల్లికి చెబితే కూతురికి చెప్పినట్టే కదా. ఆ ఉద్దేశంతో అన్నాను.

ఏప్రిల్ 15

చెప్పలేదు. ఆమె ఇవాళ పెందరాళే వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 16

చెప్పాను. అంటే, చెప్పినట్టే.

"ఎండలు ముదిరాయి ఆయమ్మా, నీళ్ళ విషయంలో జాగ్రత్త" అన్నాను.

"నీళ్ళకేమమ్మా, కొత్త కుళాయి వచ్చాక ప్రాణం లేచొచ్చింది. ఇదివరకు బిందె మోసుకుని ఎంత దూరం పోయేవాళ్ళమో! ఇప్పుడు గుమ్మంలోనే. మా అమ్మాయైతే మిషను మీద నుంచి లేవకుండానే చెంబు నింపుకుంటుంది."

ఇంకేం చెప్పను? జాగ్రత్త అన్నాను. అర్థం చేసుకునేవాళ్ళకు ఆ మాట చాలు. ఇంకా వివరం కావాలంటే ఆమె అడిగి ఉండేది. అడగందే అమ్మయినా పెట్టదంటారు.

ఏప్రిల్ 17

పల్లపు బస్తీలో ఇద్దరు పోయారు. ముసలివాళ్ళు.

ఏప్రిల్ 18

వార్డు డాక్టరు ఫోన్ చేశాడు. గొంతులో మర్యాద లేదు.

"మంచాలు నిండిపోయాయి, కింద పడుకోబెడుతున్నాను. సెలైన్ అయిపోవస్తోంది. స్టోర్స్ వాళ్ళనడిగితే, కలరా అని ప్రకటిస్తేనే అదనపు స్టాకు విడుదల చేస్తామంటున్నారు. మామూలు విరేచనాలకు మామూలు స్టాకేనట. మీరొక్క ముక్క రాసివ్వండి మేడమ్. ఒక్క ముక్క."

"రాజధాని నుంచి ఇంకా రాలేదు."

"మీ ప్లేట్ల మీద ఏముంది?"

"నిర్ధారణ కాకుండా నేనేమీ చెప్పలేను."

"మరి అంత ల్యాబ్ ఎందుకు కట్టారు? బొమ్మలకొలువుకా?" అని ఫోన్ పెట్టేశాడు.

కుర్రతనం. ఒక ల్యాబ్ నిలబెట్టాలంటే ఎంతమందిని నొప్పించకుండా నడవాలో అతనికేం తెలుసు? ఈ ఒక్కసారి తొందరపడి హోదా పోగొట్టుకుంటే రేపు వచ్చే పది అంటురోగాల సంగతేమిటి? నేను ఆ పదింటి గురించి ఆలోచిస్తున్నాను.

పాప నీళ్ళ బాటిల్ వేడిగా ఉందని పేచీ పెట్టింది. రెండు కుండలు కొన్నాం. కాచి, చల్లార్చి పోసుకుంటే హాయిగా ఉన్నాయి.

ఏప్రిల్ 21, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున ఆయమ్మ పనికి రాలేదు. ఎప్పుడూ మానదు. పదకొండు దాటాక వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది. కొంగు చాటున ఒక సీసా పట్టుకుని ఉంది.

"అమ్మా, మా అమ్మాయికి తెల్లారుజాము నుంచి ఒకటే వెళ్ళడం. వార్డులో చేర్చాను. నేల మీద పడుకోబెట్టారు. కళ్ళు లోపలికి పోయాయమ్మా. పిలిస్తే పలకడం లేదు. ఇది పట్టుకొచ్చాను. మన ల్యాబ్‌లో చూడండి. ఏంటో తెలిస్తే డాక్టర్లు మందేస్తారు కదా."

నేను లేచి నిలబడ్డాను. "ఏం పట్టించావు?"

"ఉప్పూ పంచదారా కలిపి గ్లాసు మీద గ్లాసు పట్టించానమ్మా. పంచిన కాగితంలో ఉన్నట్టే చేశాను."

"ఏ నీళ్ళు?"

"కొత్త కుళాయివే." నేను తిడతానేమోనన్నట్టు తొందరగా అంది, "బోరింగువి కాదమ్మా. మంచివే."

సీసా తీసుకున్నాను. వెంటనే నా చేతుల్తో ప్లేటు మీద గీశాను. ఆమె గుమ్మంలోనే నిలబడి చూస్తూ ఉంది. రోజూ ఆ ప్లేట్లు కడిగే మనిషి. తన ఇంటిది ఒకటి ఆ బల్ల మీదికి రావడం ఇదే మొదటిసారి.

"ఎప్పటికి తెలుస్తుందమ్మా?"

"రేపటికి."

"రేపు పొద్దున్నే వస్తాను" అని చేతులెత్తి దణ్ణం పెట్టి పరుగెత్తింది.

వార్డు డాక్టరుకు ఫోన్ చేశాను. మా ఆయమ్మ కూతురు, కాస్త చూడమన్నాను. సెలైన్ లేదన్నాడు. పొద్దున ఆఖరి సీసా ఒక పసిపిల్లకు పెట్టానన్నాడు. బయట కొనుక్కురమ్మన్నాడు. సందేహాన్ని పంపాను. బజారంతా తిరిగాడు. బస్తీవాళ్ళు ముందే అన్నీ కొనేశారట. ఎక్కడో రెండు సీసాలు దొరికించుకుని వెళ్ళేసరికి సాయంత్రమైంది.

అవి ఎక్కించే అవసరం రాలేదు.

నేను చేయగలిగిందంతా చేశాను. నమూనా వచ్చిన నిమిషంలో కల్చర్ పెట్టాను. ఫోన్ చేశాను. మనిషిని పంపాను. ఇంతకన్నా ఎవరైనా ఏం చేస్తారు?

ఏప్రిల్ 22

పసుపు.

ఫలితం చెప్పిన సమయానికే వచ్చింది. తీసుకోవడానికి ఎవరూ రాలేదు.

ఏప్రిల్ 24

పెద్దాయన అత్తగారికి విరేచనాలు పట్టుకున్నాయి. ఆఫీసర్ల క్వార్టర్స్‌లో ఉంటుందావిడ. పనిమనిషి పల్లపు బస్తీ నుంచే వస్తుందట. పొద్దున ఆవిణ్ణి కార్లో పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మధ్యాహ్నానికల్లా ఇన్నాళ్ళూ నోట్లోంచి రాకూడని మాట అందరి నోటికీ అలవాటైపోయింది. కలరా, కలరా. మైకులో కూడా అదే. రాజధాని నుంచి నిర్ధారణ ఫ్యాక్సు కూడా ఇవాళే వచ్చింది, అదృష్టం కొద్దీ. సాయంత్రం సెలైన్ లారీ దిగింది.

మా ఫలితాలకీ వాళ్ళ ఫలితాలకీ ఒక్కటంటే ఒక్క తేడా లేదు. పెద్దాయన ఫోన్ చేసి అభినందించాడు. "చూశారా, తొందరపడకపోవడం వల్ల ఎంత గౌరవంగా ఉందో!"

అత్తగారు కోలుకుంటున్నారు.

ఏప్రిల్ 25

తిలాపాపం తలా పిడికెడు అంటారు. పైపు వేసినవాడు, రిబ్బను కత్తిరించినవాడు, ఫోను బోర్లా పెట్టినవాడు, స్టోర్స్‌కు తాళం వేసినవాడు. అందరికీ పంచగా నాకు మిగిలేది ఎంత? నా పిడికిలి చిన్నది.

ఏప్రిల్ 29

ఆయమ్మ పనిలోకి వచ్చింది. ఇంకొన్నాళ్ళు సెలవు తీసుకోమన్నాను. "ఇంట్లో ఉండి ఏం చెయ్యనమ్మా, మిషను కనపడుతూ ఉంటుంది" అంది. నా కాళ్ళకు దణ్ణం పెట్టబోయింది. ఆ రోజు సెలైన్ కోసం మనిషిని పంపానట, అందుకు. నేను వెనక్కి జరిగాను.

గాజుసామాను ఎప్పట్లాగే శుభ్రంగా ఉంది.

మే 4, ఆదివారం

ఇవాళ ఆయమ్మ ఇంటికొచ్చింది. ఇదివరకు ఎప్పుడూ రాలేదు. నేను లోపలి గదిలో ఉన్నాను. పాప తలుపు తీసింది.

"నీ గౌను పాపా. మా అమ్మాయి కుట్టడం అయిపోయింది, హుక్కులు ఒక్కటే మిగిలాయి. అవి నేను కుట్టాను. వంకరగా ఉంటే ఏమనుకోకు."

పాప సంబరపడింది. పెంపకం మంచిదే కదా, ఎండలో వచ్చిందని మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తర్వాత దాని గొంతు నాకు స్పష్టంగా వినిపించింది.

"భయం లేదు ఆయమ్మా, తాగు. ఇవి కాచినవే. కుళాయి నీళ్ళలో పురుగులుంటాయట. అమ్మ ముట్టుకోనివ్వదు."

"ఎప్పట్నుంచి కాస్తున్నారు తల్లీ?"

"చాలా రోజుల్నుంచి. నాకు ప్రోగ్రెస్ కార్డు ఇచ్చిన రోజు నుంచి. ఆ రోజే అమ్మ చెప్పింది. అదే, అక్క నాకు టేపుతో కొలతలు తీసింది చూడు, ఆ రోజు."

నేను మంచం మీద కూర్చున్నదాన్ని లేవలేదు. లేచి వెళ్ళి ఏమైనా అనవచ్చు. ఫిల్టరు సంగతి చెప్పవచ్చు. ఫిల్టరు పాడైందన్నది ఇంట్లో అందరికీ తెలిసిన విషయమే.

తర్వాత గ్లాసు కింద పెట్టిన చప్పుడు.

"అమ్మ నిద్రపోతోందా? లేపకు. గౌను తెచ్చానని చెప్పు."

వెళ్ళిపోయాక హాల్లోకి వచ్చి చూశాను. నీళ్ళు పూర్తిగా తాగింది. గౌను పాపకు సరిగ్గా సరిపోయింది. విప్పనని మారాం చేసి అది వేసుకునే పడుకుంది.

మే 5

ఆయమ్మ పనికి వచ్చింది. నన్నేమీ అడగలేదు.

మధ్యాహ్నం నా గదిలోకి ఒక స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చి, మూత పెట్టి, బల్ల మీద ఉంచి వెళ్ళింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తేలేదు. నేను ఇంటి నుంచి సీసా తెచ్చుకుంటానని ఆమెకు తెలుసు.

తాగలేదు.

మే 6

మళ్ళీ గ్లాసు. సింకులో పోశాను.

మే 7

గ్లాసు.

మే 8

"నీళ్ళు తేనక్కర్లేదు ఆయమ్మా, నా సీసా ఉంది" అన్నాను.

"ఉండనివ్వండమ్మా, ఎండలు" అంది. ముఖంలో ఏమీ లేదు. కోపమైనా ఉంటే బాగుండేది. నేనేమైనా సమాధానం చెప్పుకునేదాన్ని.

సందేహం బదిలీకి అర్జీ పెట్టుకున్నాడు. కారణం అడిగితే, ఊళ్ళో అమ్మకు బాగాలేదన్నాడు. అతనికి అమ్మ లేదు. సంతకం పెట్టాను.

మే 9

ఇది ఎవరికైనా తెలిస్తే నవ్వుతారు. ఆ గ్లాసులో నీళ్ళు కొంచెం తీసి కల్చర్ పెట్టాను. సందేహం భోజనానికి వెళ్ళినప్పుడు నేనే పెట్టాను. ప్లేటు మీద నమూనా పేరు రాయాలి కదా, "నా గది" అని రాశాను.

ఆమె మంచిదే. కానీ దుఃఖంలో ఉన్న మనిషి మనసు ఎటు పోతుందో ఎవరు చెప్పగలరు? నాకూ ఒక పిల్ల ఉంది. జాగ్రత్త పడడం తప్పు కాదు.

మే 10

ఏమీ రాలేదు. ఇంకో రోజు ఉంచాను.

మే 12

ప్లేటు ఆకుపచ్చగానే ఉంది. ఒక్క చుక్క లేదు. కడగాల్సిన వాటిలో పడేశాను. కొంతసేపటికి ఆయమ్మ ఆ ప్లేటు పట్టుకుని నా గదిలోకి వచ్చింది.

"దీని మీద మీ గది అని రాసుందమ్మా. మర్చిపోయి పడేశారేమోనని."

"లేదు. అయిపోయింది."

"నేను తెచ్చే నీళ్ళేనా?"

నేను కాగితాలు సర్దుకున్నాను.

"ఏమైనా వచ్చిందా అమ్మా?"

"ఏమీ రాలేదు."

"రాదు లెండి. ఇంట్లో కాచి, గుడ్డలో వడగట్టి తెస్తున్నాను." ప్లేటును రెండు వైపులా తిప్పి చూసింది. "నా నీళ్ళకైతే మీరు అడక్కుండానే పరీక్ష చేశారు."

అంతే అంది. వెళ్ళి దాన్ని కడిగి, ఎండలో పెట్టింది.

మే 13

ఆయమ్మను కలరా వార్డుకు మార్చమని రాశాను. వార్డు ఆమె ఇంటికి దగ్గర. వయసు మీద పడుతోంది, ఇంతింత గాజుసామాను ముందు నిలబడి కడగడం ఎంత కష్టం! ఇదంతా నేను ఎప్పుడో చేయాల్సిన పని.

ఉత్తర్వు తీసుకుని గుమ్మంలో నిలబడింది. "వార్డులో ఏ మూలండీ? మా అమ్మాయిని పడుకోబెట్టిన వైపా?"

"అదంతా వాళ్ళు చెప్తారు" అన్నాను.

మే 19

కొత్త ఆయా కడిగిన ట్యూబుల్లో చారలు. రెండు కల్చర్లు పాడయ్యాయి.

మే 27

పల్లపు బస్తీ నుంచి ఈ వారం ఒక్క కేసూ రాలేదు. పైపు ఇంకా బాగుచేయలేదు. టెండరు పిలవాలట. పైపు అలాగే ఉండగా కేసులు ఎలా ఆగాయో పెద్దాయనకూ అంతుపట్టడం లేదు. మన కాగితాల వల్లే అయి ఉంటుందన్నాడు. ఆ కాగితాల్లో కాచడం గురించి ఒక్క ముక్క లేదు.

హోదా ఖాయమైంది. శుక్రవారం సభ. పొడుగాయన వస్తున్నాడు.

మే 30, శుక్రవారం

సభ ఘనంగా జరిగింది. పెద్దాయన నన్ను "ఈ జిల్లా కన్ను" అన్నాడు. పొడుగాయన మా ఫలితాలు రాజధానితో నూటికి నూరుపాళ్ళు సరిపోయిన సంగతి తెరమీద వేసి చూపించాడు. చప్పట్లు. నేను కూడా మాట్లాడాను. రోగాన్ని సమయానికి గుర్తించడమే సగం వైద్యం అన్నాను. మా ఆయన, పాప ముందు వరసలో కూర్చున్నారు.

మధ్యాహ్నం పొడుగాయన బస్తీ చూస్తానన్నాడు. వద్దనడానికి కారణం దొరకలేదు. ఆయనకు మన భాష రాదు, నేనే వెంట ఉండి చెప్పాలి. ప్రతి గుమ్మంలోనూ పొయ్యి మీద నీళ్ళ గిన్నె. మూత పెట్టిన బిందె. ఆయన ఆశ్చర్యపోయాడు. ఇన్ని దేశాలు తిరిగాను, ఒక్క బస్తీ అంతా ఇలా మారడం చూడలేదన్నాడు. ఒక ఇల్లాలిని ఎవరు నేర్పారని అడిగించాడు.

"వార్డు ఆయమ్మ. ఆస్పత్రి నుంచి ఇంటికి పోయే ప్రతి ఒక్కరికీ చెప్తుంది. సాయంత్రం ఇంటింటికీ వచ్చి గిన్నె ముట్టుకుని చూస్తుంది, కాచామా లేదా అని. కాచకపోతే ఊరుకోదు."

ఆమెను చూసి తీరాలన్నాడు. వార్డుకు వెళ్ళాం.

ఆయమ్మ నేల తుడుస్తోంది. మమ్మల్ని చూసి చెయ్యి కొంగుకు తుడుచుకుని నిలబడింది. చిక్కిపోయింది. పొడుగాయన ఆమె ముందు కొంచెం వంగి, ఇది నీకెలా తెలిసింది, ఎక్కడ నేర్చుకున్నావు అని అడిగాడు. నేను మన భాషలో చెప్పాను. ఆమె ఆయన వైపే చూస్తూ, నిదానంగా, ఒక్కో మాటా నాకు అందేలా ఆగి ఆగి చెప్పింది.

"మేడమ్ గారి ఇంట్లో చూశానయ్యా. ఎండాకాలం విరేచనాలని మాకు కాగితాలు పంచిన రోజుల్లో వాళ్ళింట్లో నీళ్ళు కాచుకుని తాగారు. అప్పటికి మా అమ్మాయి మిషను తొక్కుతూనే ఉంది. అందుకే అందరికీ ఒకటే చెప్తున్నాను. కాగితంలో ఏం రాశారో చూడకండి, మేడమ్ ఇంట్లో ఏం చేస్తున్నారో చూసి అది చెయ్యండి అని."

వార్డు డాక్టరు మందులు రాస్తున్నవాడు రాయడం ఆపాడు.

పొడుగాయన నా వైపు తిరిగాడు. నేను చెప్పాను. "నా ఇంట్లో చూసి నేర్చుకుందట. నేను చేసినట్టే చెయ్యమని అందరికీ చెబుతోందట."

ఆయన కళ్ళు చెమర్చాయి. ఆయమ్మ తడి చేతిని పట్టుకుని ఊపాడు. తర్వాత నా చేతిని. ల్యాబ్ గోడలు దాటి మనుషుల్లోకి వెళ్ళడమంటే ఇదేనన్నాడు. ఈ కథ తను వెళ్ళిన ప్రతి దేశంలోనూ చెబుతానన్నాడు. కథలో నా పేరు వాడుకోవచ్చా అని అడిగాడు. వాడుకోమన్నాను.

బయల్దేరుతుంటే ఆయమ్మ నన్ను ఆపింది.

"ఆయనకి మొత్తం చెప్పారా అమ్మా?"

"చెప్పాను" అన్నాను.